వూడ్చమన్నారు సరే, ఎవర్ని?

మేము ఎనిమిదో తరగతి చదివేటప్పటి మాట. ఇంగ్లీషు సారు నల్లబల్ల మీద ఒక వాక్యం రాశాడు. "స్వీప్ ద రూమ్." గది వూడ్చు అని అర్థం. రాసి, "ఇందులో సబ్జెక్టు ఎక్కడుందిరా?" అని అడిగాడు. వాక్యమన్నాక కర్త వుండాలి, క్రియ వుండాలి అని అంతకుముందు వారమే చెప్పాడు. ఇక్కడ చూస్తే వూడ్చడం వుంది, గది వుంది, వూడ్చేవాడు లేడు. క్లాసంతా నిశ్శబ్దం. ముందు బెంచీలో పిల్లాడొకడు లేచి, వెనక కూర్చున్న మావైపు వేలు చూపించి "వాళ్ళే సార్" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. సారు కూడా నవ్వాడు. నవ్వి, "కాదురా, సబ్జెక్టు యూ. పైకి కనపడదు. అండర్‌స్టుడ్" అని చెప్పి పాఠం ముగించాడు.

ఆ పిల్లాడు వ్యాకరణం తప్పు చెప్పాడేమో గానీ లోకం తప్పు చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఆ గది వూడ్చేది హాస్టల్ పిల్లలమైన మేమే. ఎవరూ పేరుపెట్టి చెప్పేవాళ్ళు కాదు. "వూడ్చండ్రా" అనేవాళ్ళు, అంతే. చీపురు దగ్గరికి ఎవరు నడవాలో చీపురుకే తెలిసినట్టుండేది. కర్త కనపడకపోయినా అందరికీ 'అండర్‌స్టుడ్'. ఆ ఒక్క మాట అర్థం కావడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది. అర్థమయ్యాక దాని గురించి మన పిల్లలకు చెప్పాలనిపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు వ్యాకరణం సరిగ్గా తెలుసుకుందాం. మనవాళ్ళకు ఇంగ్లీషు అంటే భయం పెట్టినవాళ్ళు దాన్ని బ్రహ్మవిద్యలాగా చూపించారు. అదేం లేదు. ఇంగ్లీషులో ఆజ్ఞగానీ, వేడుకోలుగానీ, సలహాగానీ చెప్పే వాక్యాన్ని ఇంపరేటివ్ అంటారు. "కమ్ హియర్", "ఓపెన్ ద డోర్", "డోంట్ టచ్", "ప్లీజ్ సిట్ డౌన్". వీటన్నిటికీ కర్త ఒకడే. ఎదురుగా వున్నవాడు, వింటున్నవాడు. అంటే 'యూ'. చెప్పేవాడికీ వినేవాడికీ ఎలాగూ తెలుసు కాబట్టి వాక్యంలో దాన్ని పలకరు.

పలకనప్పుడు అది వుందని ఎట్లా నమ్మాలి? నమ్మక్కర్లేదు, పరీక్ష పెట్టి చూడొచ్చు. "వాష్ యువర్‌సెల్ఫ్" అంటారు గానీ "వాష్ హిమ్‌సెల్ఫ్" అనరు. లోపల 'యూ' దాక్కుని వుంది కాబట్టే బయటికి 'యువర్‌సెల్ఫ్' వచ్చింది. "సిట్ డౌన్, విల్ యూ?" అంటారు గానీ "విల్ హీ?" అనరు. దాక్కున్నవాడు తోక దగ్గర దొరికిపోయాడు. ఎదుటివాళ్ళు ఒక్కరా పదిమందా అన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒక్కడైతే 'యువర్‌సెల్ఫ్', పదిమందైతే 'యువర్‌సెల్వ్స్'. ఈ పరీక్షను గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో మనకు పనుంది.

మన పిల్లలు సామాన్యంగా పొరబడే చోటు ఇంకొకటుంది. "రామూ, కమ్ హియర్" అన్న వాక్యంలో కర్త రాము అని రాస్తారు. కాదు. రాము అన్నది పిలుపు. పిలిచి, కామా పెట్టి, ఆ తర్వాతే ఆజ్ఞ ఇచ్చారు. కర్త మళ్ళీ ఆ కనపడని 'యూ'యే. పిలుపు వేరు, కర్త వేరు. ఇది చిన్న తేడా అనుకోకండి. మన బతుకంతా ఈ తేడాలోనే వుంది.

ఎట్లాగంటారా? తెలుగు చూడండి. తెలుగులో కూడా ఆజ్ఞలో కర్తను పలకం. "రా" అంటే చాలు. కానీ తెలుగు క్రియ వట్టిగా నడవదు, తోక తగిలించుకుని నడుస్తుంది. రా, రారా, రావే, రండి, దయచేయండి. కర్త కనపడకపోయినా ఆ తోకను బట్టి వాడి కులం, వాడి ఆస్తి, ఆడో మగో, ఇంటి పెద్దో ఇంటి జీతగాడో మొత్తం తెలిసిపోతుంది. అరవై ఏళ్ళ మాదిగ తాతను పదేళ్ళ కామందు కొడుకు "ఒరే, ఇటు రా" అని పిలుస్తాడు. తాత చేతులు కట్టుకుని "తమరు పిలిచారా అయ్యా" అంటాడు. తెలంగాణలో అయితే "నీ బాంచన్ దొరా" అనకుండా నోరు తెరిచే వీలు లేకుండె. ఇదంతా వ్యాకరణ పుస్తకంలో 'మధ్యమ పురుష' అన్న రెండు మాటల్లో సర్దేశారు. ఏకవచనం నీవు, బహువచనం మీరు అని రాశారు. ఏకవచనం ఎవరికో, గౌరవ బహువచనం ఎవరికో ఏ పుస్తకం రాయలేదు. వూళ్ళో పుట్టినవాడికి అది వేరే చెప్పక్కర్లేదుగా, అండర్‌స్టుడ్!

ఇంగ్లీషులో ఈ తోకలు లేవు. "కమ్" అంటే కూలివాడికైనా కలెక్టరుకైనా ఒకటే "కమ్". దాక్కున్న 'యూ' కూడా ఒకటే 'యూ'. ఎప్పుడూ ఇట్లాగే వుండేదా అంటే లేదు. కొన్ని వందల ఏళ్ళ కిందట వాళ్ళకూ నువ్వు-మీరు వుండేవి. కిందివాడిని 'దౌ' అనేవాళ్ళు, పైవాడిని 'యూ' అనేవాళ్ళు. 17వ శతాబ్దంలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు దేవుడి ముందు అందరూ సమానమే కదా అని జడ్జీలను, జమీందార్లను కూడా 'దౌ' అనే పిలిచారు. దానికి తిట్లు తిన్నారు, దెబ్బలు తిన్నారు. కానీ చివరికి జనం నోట్లో పోయింది 'దౌ', నిలిచింది 'యూ'. అంటే ఇంగ్లీషు అందరినీ కిందికి లాగలేదు, అందరికీ "మీరు" ఇచ్చింది. మన తాతను కూడా ఇంగ్లీషులో పిలవాలంటే మీరు అని పిలవాల్సిందే, వేరే దారి లేదు.

ఇది చెప్తే కొంతమంది మిత్రులు ఇంగ్లీషు భాషే విముక్తి అన్నట్టు సంబరపడతారు. అంత సంబరమేం వద్దు. క్రియకు తోక లేకపోతే పిలుపుకు తగిలిస్తారు. అమెరికాలో తెల్లవాడు అరవై ఏళ్ళ నల్లవాడిని "బాయ్, కమ్ హియర్" అని పిలిచాడు. వాక్యంలో 'యూ' సమానమే, దానికి ముందున్న పిలుపులో వుంది విషం. 1963లో అలబామా రాష్ట్రంలో మేరీ హామిల్టన్ అనే నల్లజాతి ఉద్యమకారిణిని కోర్టు బోనులో ప్రభుత్వ వకీలు "మేరీ" అని వట్టి పేరుతో పిలిచాడు. తెల్ల ఆడవాళ్ళనైతే మిస్ అనో మిసెస్ అనో పిలిచేవాళ్ళు. మిస్ హామిల్టన్ అని పిలిస్తేనే జవాబిస్తానని ఆమె నోరు విప్పలేదు. కోర్టు ధిక్కారమని అయిదు రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా వేశారు. ఆమె పైకోర్టులకు వెళ్ళింది. 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఒక పిలుపు కోసం ఒక మనిషి సుప్రీంకోర్టు దాకా పోయింది చూడండి! మనవాళ్ళు "ఒరే" అన్నదానికి ఏ కోర్టుకు పోయారు?

ఇప్పుడు మన బడి పరీక్షకు వద్దాం. పదో తరగతిలో ఒకరి మాటను ఇంకొకరు చెప్పినట్టుగా మార్చి రాయమంటారు. "ద మాస్టర్ సెడ్ టు ద సర్వెంట్, బ్రింగ్ మీ ఎ గ్లాస్ ఆఫ్ వాటర్." ఇట్లాంటివే గైడ్లలో ఇస్తారు. మార్చి రాస్తే "ద మాస్టర్ ఆర్డర్డ్ ద సర్వెంట్ టు బ్రింగ్ హిమ్ ఎ గ్లాస్ ఆఫ్ వాటర్" అవుతుంది. చూడండి, అంతదాకా దాక్కున్న 'యూ' ఇప్పుడు బయటికి వచ్చింది. ఎవరుగా వచ్చింది? పనివాడుగా వచ్చింది. ఇంకో సంగతి గమనించారా? "సెడ్ టు" పోయి "ఆర్డర్డ్" వచ్చింది. ఇదే మాట పనివాడు యజమానితో అంటే పిల్లవాడు ఏం రాస్తాడు? "రిక్వెస్టెడ్" అని రాస్తాడు. "ప్లీజ్" అన్న మాట లేకపోయినా సరే. అవే మాటలు, అవే నీళ్ళు, అదే గ్లాసు. పైవాడు అంటే ఆజ్ఞ, కిందివాడు అంటే విన్నపం. ఎవరు పైవాడో ఎవరు కిందివాడో పిల్లవాడు ముందే తెలుసుకుని వుండాలి. తెలిస్తేనే మార్కు.

మరి కిందివాడు విన్నపంగా కాకుండా నిజంగా ఆజ్ఞగానే అంటే? దానికి గైడులో జవాబు లేదు. కారంచేడులో వుంది. 1985 జులైలో, తాము తాగే చెరువు నీళ్ళు పాడుచేయొద్దని మాదిగలు అడ్డం చెప్పారు. "చేయొద్దు" అన్నది ఇంపరేటివే. అందులో కనపడని కర్త ఈసారి కమ్మ కామందు. అంటే తరతరాలుగా ఆజ్ఞ ఇచ్చేవాడు మొదటిసారి ఆజ్ఞ వినేవాడి జాగాలో నిలబడాల్సి వచ్చింది. ముంత పట్టుకుని ఎదురు నిలిచింది మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీ. తెల్లవారి, జులై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళను చెరిచారు. నీళ్ళ కోసమే చంపారని పేపర్లు రాశాయి. మేమంటాం, కర్త జాగా కోసం చంపారు. మాదిగలు పెట్టిన వాక్యంలో తాము కర్త కావడాన్ని వాళ్ళు ఓర్చుకోలేకపోయారు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి మహద్ గురించి చెప్పుకోవాలి. దానికి ముందు ఇంకో చిన్న పాఠం. ఇంగ్లీషులో "లెట్ అజ్ డ్రింక్" అన్నదానికి రెండు అర్థాలున్నాయి. "మమ్మల్ని తాగనివ్వండి" అని ఒకటి, "మనం తాగుదాం" అని రెండోది. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. మొదటిదాంట్లో కర్త ఎదుటివాడు. తాగనిచ్చే అధికారం వాడి చేతిలో వుంది, మనం అడుగుతున్నాం. రెండోదాంట్లో ఎదుటివాడి జోక్యమే లేదు, చేసేది మనమే. రెండో అర్థంలో ఇంగ్లీషువాళ్ళు దాన్ని కుదించి "లెట్స్" అంటారు. మొదటి అర్థంలో అట్లా కుదించరు. అడుక్కునేటప్పుడు కుదించకూడదు కాబోలు! తెలుగులో ఈ చిక్కు లేదు. మమ్మల్ని వేరు, మనం వేరు. "తాగనివ్వండి" వేరు, "తాగుదాం" వేరు.

ఇప్పుడు చూడండి. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులు, బావులు, బడులు అంటరానివాళ్ళకు కూడా తెరవాలని తీర్మానం చేసింది. 1924లో మహద్ మునిసిపాలిటీ తన కింద వున్న చవదార్ చెరువు అందరికీ తెరవబడింది అని తీర్మానించింది. "తెరవబడింది." ఎవరు తెరిచారు? ఎవరూ తెరవలేదు. కర్త లేని వాక్యం కాగితం మీద మూడేళ్ళు పడుకుంది. ఆ మూడేళ్ళూ ఒక్క అంటరానివాడు కూడా ఒక్క చుక్క ముట్టలేకపోయాడు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని వెళ్ళి, దోసిలి పట్టి ఆ నీళ్ళు తాగాడు. అంతదాకా "లెట్ అజ్" అని వున్నది ఆ రోజు "లెట్స్" అయ్యింది. కర్తను ఆ చెరువు గట్టు మీదే కనుక్కున్నారు. దానికి ఫలితంగా తిరిగి వెళ్తున్నవాళ్ళను చితకబాదారు. చెరువు మైలపడిందని పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన కుండలతో శుద్ధి చేశారు. కేసు నడిచి నడిచి 1937లో బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు చెప్పింది. పదేళ్ళు పట్టింది. అయినా ఆ నీళ్ళు తాగింది తీర్పు వచ్చాక కాదు, తీర్పుకు పదేళ్ళ ముందు.

మన రాజ్యాంగం 17వ అధికరణం కూడా అంటరానితనం రద్దయింది అంటుంది, దాన్ని పాటించడం నిషిద్ధం అంటుంది. ఆ వాక్యం కోసం అంబేడ్కర్ ఎంత తపన పడ్డాడో మనకు తెలుసు, దాన్ని తక్కువ చేయడం మా వుద్దేశం కాదు. కానీ హోటల్లో రెండో గ్లాసు తీసి పారేసేవాడు కావాలి గదా! ఆ కర్తను రాజ్యాంగం పుట్టించదు. జాగా చూపిస్తుంది. అందులో నిలబడాల్సింది మనం.

ఇక మన నినాదం. మన మీటింగు ఏదైనా దీనితోనే మొదలవుతుంది, దీనితోనే ముగుస్తుంది. ఎడ్యుకేట్, ఆజిటేట్, ఆర్గనైజ్. 1942 జులైలో నాగపూర్‌లో అంబేడ్కర్ తన వాళ్ళకు చివరి మాటగా చెప్పాడు. మూడూ ఇంపరేటివ్‌లే. మూడింటిలోనూ కర్త కనపడడు. మనం పాతికేళ్ళుగా, యాభై ఏళ్ళుగా గొంతు చించుకుని అరుస్తున్నాం గానీ, ఆ కర్త ఎవరని ఎప్పుడైనా అడిగామా?

మరాఠీవాళ్ళు దాన్ని "శికా" అన్నారు, అంటే చదువుకోండి, నేర్చుకోండి అని. మనం తెలుగులో "బోధించు" అన్నాం, అంటే నేర్పు అని. ఒకే మాట అక్కడ పిల్లవాడికి చెప్పినట్టయింది, ఇక్కడ చదువుకున్నవాడికి చెప్పినట్టయింది. ఏది సరైంది అని కొట్టుకోనక్కర్లేదు. ఇంగ్లీషు "ఎడ్యుకేట్"లో ఎవరికి నేర్పాలో కూడా చెప్పలేదు కాబట్టి రెండూ ఇముడుతున్నాయి. కానీ మన తెలుగు మాట మన మెడ మీద ఒక బరువు పెట్టింది. "బోధించు" అన్నప్పుడు కర్త వాడలో పలక పట్టుకున్న పిల్లవాడు కాదు. రిజర్వేషన్‌తో ఉద్యోగం తెచ్చుకుని, పట్నంలో ఇల్లు కట్టుకుని, పండక్కి మాత్రం వాడకు వచ్చి పోయేవాడు కర్త. అంటే మేము. మీరు.

మొదట్లో గుర్తుపెట్టుకోమన్న పరీక్ష ఇప్పుడు బయటికి తీయండి. అంబేడ్కర్ ఆ మూడు మాటల వెంటనే, మీ మీద మీకు నమ్మకం వుండాలి అన్న మాట కూడా చెప్పాడు. అక్కడ అచ్చులో వున్నది 'యువర్‌సెల్వ్స్' కాదు, 'యువర్‌సెల్ఫ్'. ఏకవచనం. ఎదురుగా వేలమంది కూర్చుని వున్నారు. అయినా చెప్పింది ఒక్కొక్కడికి. దాక్కున్న 'యూ' గుంపు కాదు, నాయకుడు కాదు, సంఘం కాదు. వింటున్న నువ్వు.

మన ఉద్యమాలు చీలి, చిక్కి, ఎవరి జెండా వాళ్ళు పట్టుకున్న కథ ఇక్కడ చెప్పబోము. దాని వెనక ఒక కారణం మాత్రం మాకు ఈ వ్యాకరణంలో కనపడుతుంది. "సమీకరించు" అన్నప్పుడు ప్రతివాడూ కర్త నాయకుడే అనుకున్నాడు. "పోరాడు" అన్నప్పుడు కర్త వాడలో వున్న కూలివాడే అనుకున్నాడు. గది వూడ్చమంటే ముందు బెంచీవాడు వెనక్కి వేలు చూపినట్టు, మనమూ ఇంకొకరివైపు వేలు చూపాం.

"భాషాపాఠంలోకి కులాన్ని ఎందుకు లాగుతారు?" అని కొందరు పెద్దమనుషులు అడుగుతారు. మేము లాగలేదు బాబూ, మా క్లాసులో అది ముందే కూర్చుని వుంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అని జీవో ఇస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలుగు చచ్చిపోతుందని అప్పుడు గుండెలు బాదుకున్నవాళ్ళలో ఎంతమంది పిల్లలు తెలుగు మీడియంలో వున్నారో వాళ్ళనే అడగండి. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టారు. మన పిల్లలు ఇంగ్లీషు చదవాలి, సందేహం లేదు. కానీ బోర్డు మార్చి, క్లాసులో "వాళ్ళే సార్" అన్న వేలును అట్లాగే వుంచితే, మన పిల్లవాడు ఇంగ్లీషులో వూడుస్తాడు, అంతే తేడా.

కాబట్టి వాడల్లో రాత్రిబడులు నడిపే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా మాట ఒకటే. ఇంపరేటివ్ పాఠం వచ్చినప్పుడు "సబ్జెక్టు అండర్‌స్టుడ్" అని దాటేయకండి. మాస్టరు-సర్వెంటు వాక్యాన్ని తిరగేసి రాయించండి. పనివాడు ఆజ్ఞాపించాడు, యజమాని వేడుకున్నాడు అని రాయమనండి. రాయడానికి పిల్లవాడి చేయి మొదట వణుకుతుంది. ఆ వణుకు పోయేదాకా రాయించండి. ఎవరైనా పిల్లవాడితో "వూడ్చు" అంటే, "కర్త ఎవరు సార్? అందరమా, నేనొక్కడినేనా?" అని అడగడం నేర్పండి. అందరమూ అయితే చీపురు అందరి చేతుల్లో తిరగాలి. నువ్వొక్కడివే అంటే ఎందుకో చెప్పాలి.

ఆ రోజు మా క్లాసులో ఆ ప్రశ్న అడగడానికి మాకు నోరు రాలేదు. ఇవాళ అడుగుతున్నాం. ముందు మమ్మల్ని మేమే అడుగుతున్నాం.

బోధించు అన్నారు సరే. ఎవర్ని అన్నారు?

మమ్మల్నే.

జై భీమ్.